పదవవాడు ఎక్కడ?

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: లూకా సువార్త 4:16-21)

ఈ ఉదయం మీరు వంటింట్లో పని చేసుకుంటూ వింటున్నారో, పొలానికి బయలుదేరుతూ వింటున్నారో, ఆసుపత్రి మంచం మీద పడుకొని వింటున్నారో నాకు తెలియదు. దేవునికి తెలుసు. మీరున్న చోటనే ఆయన మిమ్మును దర్శించును గాక.

బైబిలు దగ్గర ఉన్నవారు లూకా సువార్త 4వ అధ్యాయం 16వ వచనం తీయండి. మన ప్రభువు తాను పెరిగిన నజరేతు ఊరికి వచ్చాడు. విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్ళాడు. చదవడానికి లేచి నిలబడ్డాడు. యెషయా గ్రంథపు చుట్ట ఆయన చేతికి ఇచ్చారు. చదివాడు, చుట్టి పరిచారకునికి ఇచ్చాడు, బోధించడానికి కూర్చున్నాడు. అందరి కన్నులూ ఆయన మీదే ఉన్నాయి.

ఆయన చదివిన మాటల మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఈ దినం ఆ మాటల దగ్గరకు వెళ్ళేముందు లూకా వ్రాసిన ఒక చిన్న సంగతి దగ్గర ఆగుదాం. సమాజమందిరానికి వెళ్ళడం యేసుకు వాడుక అని లూకా చెబుతున్నాడు. ఒక్కసారి ఆలోచించండి. దేవుని కుమారునికి ప్రతి వారం కూడికకు వెళ్ళే అలవాటు ఉంది. అక్కడ చెప్పే బోధ ఆయనకు కొత్తది కాదు. అక్కడ ఉన్నవారంతా మంచివారూ కాదు. ఆ రోజే వారు ఆయనను కొండ పేటు మీదనుండి పడద్రోయాలని చూశారు. అయినా ఆయన వెళ్ళాడు. వెళ్ళడం ఆయన వాడుక.

ఇంతకీ ఈ సమాజమందిరం అంటే ఏమిటి? అక్కడ ఏమి జరిగేది, ఈనాటికీ ఏమి జరుగుతోంది? మనలో చాలామందికి ఆ మాట వినగానే వేషధారులు, పరిసయ్యులు, పోట్లాటలు గుర్తుకొస్తాయి. నేను కూడా పరిచర్య మొదలుపెట్టిన తొలి సంవత్సరాలలో, సంఘంలో ఎవరిని గద్దించాలన్నా పరిసయ్యుడు అనే మాటనే తిట్టుగా వాడేవాడిని. యూదుల ఆరాధనను ఎప్పుడూ దగ్గరగా చూడలేదు, తెలుసుకోలేదు. తెలియని దానిని తిట్టడం తేలిక. అందుకని ఈ దినం నేను నేర్చుకున్న కొన్ని సంగతులు మీతో పంచుకోవాలని ఆశపడుతున్నాను.

నేను వేదాంత కళాశాలలో చదువుకుంటున్న రోజుల్లో, దాదాపు ఇరవై ఏళ్ళ క్రితం, మా అధ్యాపకులు ఒకరు మమ్మల్ని కేరళ తీసుకువెళ్ళారు. కొచ్చిలో మట్టాంచేరి అనే చోట, పాత రాజభవనం ప్రక్కనే, యూదుల వీధి చివర పరదేశి సమాజమందిరం ఉంది. 1568లో కట్టినది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాం. నేల అంతా చైనా నుండి తెప్పించిన నీలం, తెలుపు పింగాణీ పలకలు. పైన గాజు దీపాలు. మధ్యలో ఇత్తడి కమ్మీల వేదిక. ఒక్క బొమ్మ లేదు, ఒక్క పటం లేదు. యెరూషలేము వైపు, అంటే మనకు పడమటి వైపు, తెర వెనుక ధర్మశాస్త్రపు చుట్టలు దాచిన మందసం.

చూడడానికి ఎంతో అందంగా ఉంది. కాని బల్లలన్నీ ఖాళీ. ఫోటోలు తీయడానికి వీలుందా అని అడిగే యాత్రికులే తప్ప ప్రార్థించేవారు లేరు. 1950ల నుండి కొచ్చి యూదులలో ఎక్కువమంది ఇశ్రాయేలు దేశానికి వెళ్ళిపోయారు. మమ్మల్ని తిప్పి చూపించిన స్థానికుడు ఒక మాట అన్నాడు: "కొన్ని శనివారాలు పదిమంది పూర్తి కారు. ఊరికి ఎవరైనా యూదుడు చూడడానికి వస్తే ఆయన్ను కూడా కలుపుకొని లెక్క పెట్టుకుంటారు."

నేను అప్పుడు కుర్రవాణ్ణి. కొంచెం గర్వంగానే మా అధ్యాపకుల చెవిలో అన్నాను: "మనకు ఆ ఇబ్బంది లేదు కదండీ. ఇద్దరు ముగ్గురు కూడితే చాలని ప్రభువే చెప్పాడు." ఆయన నా వైపు చూసి, "బాబూ, అది కూడుకున్న ఇద్దరికీ ప్రభువు ఇచ్చిన ఆదరణ. రాని తొంభైమందికి ఇచ్చిన సెలవు కాదు" అన్నారు. ఆ మాట ఈనాటికీ నన్ను వెంటాడుతూనే ఉంది.

సమాజమందిరానికి యూదులు మూడు పేర్లు పెట్టుకున్నారు. ఒకటి, బేత్ తెఫిల్లా, అంటే ప్రార్థనా గృహము. రెండు, బేత్ మిద్రాష్, అంటే నేర్చుకొనే గృహము. మూడు, బేత్ క్నెసెత్, అంటే కూడుకొనే గృహము. ఈ మూడు పేర్లనే వరుసగా ధ్యానించుకుందాం.

1. ప్రార్థనా గృహము

భక్తిగల యూదుడు దినానికి మూడుసార్లు ప్రార్థిస్తాడు: ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం. దానియేలు మూడుమారులు మోకాళ్ళూనిన సంగతి మనకు తెలుసు. ఉదయం, సాయంకాలం వారు ఒప్పుకునే విశ్వాస వాక్యం ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో ఉంది. దాని పేరు షెమా. ఆ మాటకు అర్థం వినుము. ప్రార్థన మొదట మనం దేవునితో చెప్పడం కాదు, దేవుడు చెప్పింది వినడం. ఆజ్ఞలన్నిటిలో ప్రధానమైనది ఏదని శాస్త్రి అడిగినప్పుడు మన ప్రభువు జవాబిచ్చింది కూడా ఈ వాక్యంతోనే. మార్కు 12వ అధ్యాయంలో చూడండి.

ఒంటరిగా ఉన్నా యూదుడు ప్రార్థించవచ్చు. కాని కొన్ని ప్రార్థనలకు, ధర్మశాస్త్రం బహిరంగంగా చదవడానికి పదిమంది ఉండాలి. ఈ పదిమందిని మిన్యాన్ అంటారు. సనాతన సంప్రదాయంలో పదమూడు ఏళ్ళు నిండిన పురుషులను లెక్కిస్తారు. ఈనాడు మరికొన్ని శాఖల వారు స్త్రీలను కూడా లెక్కిస్తారు. పది అనే లెక్క ఎక్కడిది? వారి పూర్వ బోధకులు సంఖ్యాకాండము 14వ అధ్యాయం చూపిస్తారు. కనాను దేశం చూసి వచ్చిన పన్నెండుమందిలో యెహోషువ, కాలేబు కాక మిగిలినవారు పదిమంది. చెడ్డ సమాచారం తెచ్చి జనమంతటి గుండెలు జారిపోయేలా చేసినవారు. వారినే దేవుడు సమాజము అని పిలిచాడు కనుక, సమాజమంటే పదిమంది అని లెక్క కట్టారు.

ప్రియులారా, ఇది వింటే మీకు ఆశ్చర్యంగా లేదా? పదిమంది చాలు, ఒక జనాన్ని నలభై ఏళ్ళు అరణ్యంలో తిప్పడానికి. అదే పదిమంది చాలు, దేవుని సన్నిధిలో ప్రార్థనా సమాజంగా నిలబడడానికి. సొదొమ కోసం అబ్రాహాము బతిమాలి బతిమాలి చివరకు ఆగింది కూడా పదిమంది దగ్గరే. మన సంఘంలో సణిగే పదిమంది ఎప్పుడూ ఉంటారు. నిలబడే పదిమంది ఉన్నారా?

ఆ పదిమంది ఉంటేనే పలికే ప్రార్థనలలో ఒకటి కద్దీష్. తల్లిని గాని తండ్రిని గాని పోగొట్టుకున్నవాడు పదకొండు నెలలు దానిని పలుకుతాడు. ఆ ప్రార్థనలో మరణం అనే మాటే లేదు. అంతా దేవుని నామము గొప్ప చేయబడాలని, ఆయన రాజ్యం రావాలని కోరడమే. ప్రభువు మనకు నేర్పిన ప్రార్థన మొదటి మనవులు దానికి ఎంతో దగ్గరగా ఉంటాయి. తండ్రిని పాతిపెట్టి వచ్చినవాడు దేవుని నామాన్ని స్తుతించాలి. ఆ పని ఒక్కడివల్ల అవుతుందా? కాదు. అందుకే మిగతా తొమ్మిదిమంది తెల్లవారకముందే లేచి, చొక్కా వేసుకొని, చలిలో నడిచి వస్తారు. వారి ఇంట్లో ఎవరూ చనిపోలేదు. అయినా వస్తారు. వాడు ఆమేన్ లేకుండా ఒంటరిగా నిలబడకూడదని వస్తారు.

2. నేర్చుకొనే గృహము

అపొస్తలుల కార్యములు 15:21లో, ప్రతి పట్టణంలోను విశ్రాంతి దినాన మోషే గ్రంథం చదవబడుతోందని యాకోబు చెబుతాడు. పిసిదియ అంతియొకయలో పౌలు ప్రసంగించింది కూడా ధర్మశాస్త్రమూ ప్రవక్తల గ్రంథమూ చదివిన తరువాతే. ఆ క్రమం ఈనాటికీ నడుస్తోంది.

మోషే ఐదు కాండాలను 54 భాగాలు చేసి, సంవత్సరమంతా వారం వారం చదువుతారు. శనివారం ఏడుగురిని ఒకరి తరువాత ఒకరిని వేదిక దగ్గరకు పిలుస్తారు. సోమవారం, గురువారం ఉదయాలలో కూడా కొంత చదువుతారు. మూడు దినాలు వాక్యం లేకుండా గడవకూడదని వారి ఏర్పాటు. ఆ చుట్టను అచ్చు వేయరు. శుద్ధమైన తోలు మీద, సిరాతో, లేఖికుడు చేతితో వ్రాస్తాడు. అందులో 3,04,805 అక్షరాలు ఉంటాయి. ఒక్క అక్షరం చెరిగిపోయినా, సరిదిద్దే వరకు ఆ చుట్టను ఆరాధనలో చదవరు. లక్షల అక్షరాలు బాగానే ఉన్నాయి కదా, ఒకటి పోతే ఏమిటి అని అనరు. ఒక్కటి పోతే చుట్ట మొత్తం ఆగుతుంది. మన సంఘంలో ఒక్క మనిషి తప్పిపోతే ఆరాధన ఆగుతుందా? ఆగడం అలా ఉంచి, గమనిస్తామా?

సంవత్సరం చివర సిమ్హత్ తోరా అనే పండుగ వస్తుంది. ధర్మశాస్త్రములో సంతోషించుట అని దాని అర్థం. ఆ దినం ద్వితీయోపదేశకాండము చివరి మాటలు చదివి, వెంటనే ఆదికాండము మొదటి మాటలు చదువుతారు. చదవడం అయిపోయింది అనే రోజు లేదు. చుట్టలను చేతులలో ఎత్తుకొని పాడుతూ మందిరంలో ప్రదక్షిణగా తిరుగుతారు. కొచ్చిలోనైతే మందిరం బయటకు కూడా వచ్చి చుట్టూ తిరిగేవారు. కేరళ సమాజమందిరాలలో మరో విశేషం, పైఅంతస్తులో ఇంకొక వేదిక ఉండడం. విశ్రాంతి దినాన, పండుగలకు ఆ పైవేదిక నుండి ధర్మశాస్త్రం చదివేవారు. దాని వెనుకనే స్త్రీలు కూర్చునే చోటు. కొచ్చి యూదు స్త్రీలు బైబిలు కథలను మలయాళంలో పాటలు కట్టి, నోటు పుస్తకాలలో వ్రాసుకొని, తల్లి నుండి కూతురికి అందించారు.

పెద్దల చదువు సంగతి వినండి. 1923లో పోలెండుకు చెందిన రబ్బీ మేయర్ షపీరో ఒక ఏర్పాటు చేశాడు. తల్ముదు అనే వారి బోధనా గ్రంథంలో దినానికి ఒక్క పత్రం, లోకమంతటా అందరూ అదే పత్రం చదవాలి. మొత్తం 2,711 పత్రాలు. పూర్తి కావడానికి ఏడున్నర సంవత్సరాలు పడుతుంది. అక్కడితో ఆపకుండా మళ్ళీ మొదటి నుండి మొదలుపెడతారు. 2020 జనవరిలో పదమూడవ ఆవృత్తి పూర్తయినప్పుడు అమెరికాలోని న్యూజెర్సీలో ఒక స్టేడియంలో దాదాపు 90,000 మంది కూడుకున్నారు. ఎందుకు కూడారు? ఆటకు కాదు, ఒక పుస్తకం చదవడం పూర్తయిందని. వారిలో వ్యాపారులు ఉన్నారు, ఉద్యోగస్తులు ఉన్నారు. వాక్యం చదవడం పాస్టరుగారి పని అని వారు అనుకోలేదు.

పిల్లల సంగతి ఇంకా ముఖ్యం. క్రీ.శ. 70లో దేవాలయం కూలిపోవడానికి కొద్ది ఏళ్ళ ముందు, యెహోషువ బెన్ గమ్లా అనే ప్రధాన యాజకుడు ప్రతి పట్టణంలో పిల్లలకు బోధకులను నియమించాడని తల్ముదు చెబుతుంది. ఆరేడు ఏళ్ళ పిల్లలను చేర్చుకునేవారు. ఇరవై ఐదుమందికి ఒక బోధకుడు. నలభై దాటితే సహాయకుణ్ణి ఇవ్వాలి. యాభై అయితే ఇద్దరు బోధకులు. ఆ ఖర్చు ఊరు భరించాలి. మధ్యయుగాలలో పిల్లవాడు మొదటిరోజు బడికి వస్తే పలక మీద అక్షరాలు వ్రాసి, దాని మీద తేనె రాసి నాకించేవారు. దేవుని వాక్యం తియ్యనిదని మొదట నాలుకకు తెలియాలని.

మరి మన సండేస్కూలు సంగతి? అరవైమంది పిల్లలు, పది చదివే ఒక అమ్మాయి. వేపచెట్టు కింద చాప. సంవత్సరానికి ఒకసారి క్రిస్మసుకు నాటకం. మనం మందిరానికి గ్రానైటు వేయించాం, మైకు సెట్టు కొన్నాం. పిల్లల బోధకులకు ఎంత ఖర్చు పెట్టాం? పెద్దలారా, ఈ ప్రశ్న మీకంటే ముందు నన్ను అడుగుతోంది.

3. కూడుకొనే గృహము

1913లో యెరూషలేములో తవ్వకాలలో ఒక శిలాశాసనం దొరికింది. గ్రీకు భాషలో ఉంది. యాజకుడును సమాజమందిరపు అధికారియునైన థియోదొతు అనే ఆయన వేయించినది. ఎందుకు ఈ మందిరం కట్టాడో అందులో చెప్పాడు: ధర్మశాస్త్రం చదవడానికి, ఆజ్ఞలు నేర్పడానికి. ఇంకా, దూరప్రాంతాల నుండి వచ్చేవారు దిగడానికి గదులు, నీటి వసతులు కూడా కట్టించాడు. మన ప్రభువు నాటి యెరూషలేము దేవాలయం నిలిచి ఉన్న కాలానిదే ఆ రాయి అని పండితుల అభిప్రాయం. చూశారా, మందిరం అంటే వాక్యం, దాని ప్రక్కనే పడుకోవడానికి చోటు, త్రాగడానికి నీళ్ళు. ఆ రెంటినీ వారు విడదీయలేదు.

దేవాలయంలో రహస్యపు గది ఒకటి ఉండేదని మిష్నా అనే గ్రంథం చెబుతుంది. ఇచ్చేవారు లోపలికి వెళ్ళి ఇచ్చి వస్తారు. మంచి కుటుంబంలో పుట్టి చితికిపోయినవారు లోపలికి వెళ్ళి తీసుకొని వస్తారు. ఎవరు ఇచ్చారో, ఎవరు తీసుకున్నారో తెలియదు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పిన మాట గుర్తుకు రావడం లేదా? పన్నెండవ శతాబ్దపు గొప్ప బోధకుడు మైమోనిదెసు దానధర్మాలను ఎనిమిది మెట్లుగా వివరించాడు. అన్నిటికంటే క్రింది మెట్టు, సణుగుతూ ఇవ్వడం. అన్నిటికంటే పై మెట్టు, పడిపోబోయేవాడికి అప్పో, పనో, భాగస్వామ్యమో ఇచ్చి, మళ్ళీ ఎవరి ముందూ చేయి చాపనక్కర లేకుండా నిలబెట్టడం. ఈనాటికీ ఎన్నో యూదు సమాజాలలో వడ్డీలేని అప్పుల నిధులు ఉన్నాయి. మన సంఘాలలో ఎంతమంది సహోదరీలు వారం వారం వడ్డీ కట్టలేక ఏడుస్తున్నారో, పాస్టరుగా నాకు తెలుసు.

ఎవరైనా చనిపోతే ఆ శరీరాన్ని శుభ్రపరచి సిద్ధం చేయడానికి సమాజంలో ఒక బృందం ఉంటుంది. హెవ్రా కద్దీషా అంటారు. దానికి కూలి లేదు, పొగడ్త లేదు. చనిపోయినవాడు తిరిగి ఉపకారం చేయలేడు కదా, అందుకే అది అన్నిటికంటే నిజమైన దయ అంటారు. ధనికుడికైనా పేదవాడికైనా ఒకే తెల్లని సాదా బట్ట. పాతిపెట్టి వచ్చిన తరువాత ఇంటివారు ఏడు దినాలు నేల దగ్గరగా కూర్చుంటారు. వారి మొదటి భోజనం వారి ఇంట్లో వండినది కాకూడదు. ఇరుగుపొరుగువారు వండి తేవాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించే భారం వారి మీద పడకూడదు.

అద్దంలో మనం

సహోదరులారా, యూదుల సమాజమందిరంలో అంతా పరిశుద్ధమే అని నేను చెప్పడం లేదు. ఆ పరదేశి మందిరంలోనే ఒక పాపం ఉండేది. ఒకప్పుడు బానిసలుగా ఉండి విడుదల పొందినవారి సంతతి వారిని ప్రధాన మందిరంలో కూర్చోనిచ్చేవారు కాదు. బయటి గదిలో కూర్చోవాలి. ధర్మశాస్త్రం చదవడానికి పిలిచేవారు కాదు. ఆ సంతతిలో పుట్టిన ఎ.బి. సేలం అనే ఆయన న్యాయవాది అయ్యాడు. గాంధీజీ సత్యాగ్రహాన్ని తన సమాజమందిరంలోనే చేశాడు. మందిరం విడిచిపోలేదు, మరో మందిరం కట్టలేదు. అక్కడే ఉండి అడిగాడు. క్రమంగా ఆ కట్టుబాట్లు సడలిపోయాయి. ఆయనను యూదుల గాంధీ అన్నారు.

ఈ కథ విని వారిని చూసి నవ్వుదామా? మన ఊళ్ళలో ఒకే ప్రభువు పేరున రెండు పేటలకు రెండు మందిరాలు ఎందుకున్నాయి? పెండ్లి సంబంధం దగ్గరకు వచ్చేసరికి బాప్తిస్మం కంటే ముందు ఏమి అడుగుతున్నాం? నేను పేర్లు చెప్పనక్కర లేదు. వింటున్న మీకు తెలుసు, మాట్లాడుతున్న నాకూ తెలుసు.

ఇంకొక సంగతి కూడా దాచకూడదు. 1662లో ఆ మందిరాన్ని తగులబెట్టింది ఎవరు? సిలువ గుర్తు పెట్టుకొని వచ్చిన పోర్చుగీసువారు. హిందూ రాజు వారికి తన కోట ప్రక్కనే స్థలం ఇస్తే, క్రైస్తవులమని చెప్పుకున్నవారు దానిని కాల్చారు. తరువాత డచ్చివారి కాలంలో మళ్ళీ కట్టుకున్నారు. ఐరోపాలో శతాబ్దాల తరబడి మన ప్రసంగపీఠాల మీద నుండి యూదులపై చల్లిన ద్వేషం, ఇరవయ్యవ శతాబ్దంలో 60 లక్షలమంది యూదుల హత్యకు నేల దున్నిపెట్టింది. పరిసయ్యుడు అనే మాటను నేను తిట్టుగా వాడడం మానింది ఈ చరిత్ర చదివిన తరువాతే.

మనకు గుంటూరు జిల్లాలోనే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమాజం ఉంది. తెలుగు మాట్లాడే మనవారే. ఎక్కువమంది ఒకప్పుడు మన బాప్తిస్టు సంఘాలలో ఉన్న కుటుంబాలవారే. శనివారం విశ్రాంతి దినం ఆచరిస్తూ, హెబ్రీ ప్రార్థనలు నేర్చుకుంటూ ఉంటారు. వారి మూలాల గురించి పండితులు ఏమైనా వాదించుకోనివ్వండి. వారు మన పొరుగువారు. పొరుగువాణ్ణి ఎగతాళి చేయమని ఏ సువార్తలోనూ లేదు.

యేసే క్రీస్తు అని మనం నమ్ముతున్నాం, ప్రకటిస్తున్నాం. ఈ విషయంలో వారికీ మనకూ భేదం ఉంది. దానిని నేను కప్పిపుచ్చను. కాని రోమా పత్రిక 11వ అధ్యాయంలో పౌలు మనల్ని ఎలా హెచ్చరించాడో చూడండి. మనం అడవి ఒలీవ కొమ్మలం. అంటు కట్టబడ్డాం. కొమ్మ అతిశయపడకూడదు, ఎందుకంటే కొమ్మ వేరును మోయడం లేదు, వేరే కొమ్మను మోస్తోంది. తన జనం కోసం పౌలుకు ఉన్నది ద్వేషం కాదు, తీరని దుఃఖం.

నా తప్పు ఒకటి

ముగించే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్ని సంవత్సరాల క్రితం మా సంఘంలో ఒక పెద్దాయన భార్య చనిపోయింది. పిల్లలు ఇద్దరూ దూరదేశంలో ఉద్యోగాలు. వచ్చారు, సమాధి కార్యక్రమం ఘనంగా జరిగింది. ఆదరణ కూడికలో నేను ముప్పావు గంట ప్రసంగించాను. అందరూ భోజనం చేశారు. పిల్లలు వెళ్ళిపోయారు. ఆ తరువాత నేను సువార్త సభల ఏర్పాట్లలో పడిపోయాను. కరపత్రాలు, చందాలు, పెండాలు. నెల దాటిపోయింది.

ఒక సాయంకాలం ఆ వీధిలో చందాకు వెళ్తుంటే ఆయన గుమ్మంలో కూర్చొని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకొని తింటున్నాడు. "ఏం తాతగారూ, ఇలా బయట కూర్చున్నారేం?" అన్నాను. ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. "లోపల ఒక్కడినే కూర్చుంటే ముద్ద దిగడం లేదు అయ్యగారూ. ఇక్కడైతే దారిన పోయేవాళ్ళు కనిపిస్తారు కదా" అన్నాడు.

నా చేతిలో చందా పుస్తకం ఉంది. వెయ్యిమంది కూర్చోవడానికి కుర్చీలు మాట్లాడి వచ్చాను. ఆయన ప్రక్కన కూర్చోవడానికి ఒక్క మనిషిని పంపలేకపోయాను. కొచ్చిలో చూసిన ఖాళీ బల్లలు నాకు ఆ గుమ్మంలో గుర్తుకొచ్చాయి. అక్కడ పదిమంది లేక మందిరం ఖాళీ. ఇక్కడ రెండువందల మంది ఉండి ఒక ఇల్లు ఖాళీ. ఏది ఎక్కువ విచారకరం?

ఆ ఆదివారం నేను ప్రసంగం ప్రక్కన పెట్టి సంఘం ముందు క్షమాపణ అడిగాను. పది కుటుంబాలు లేచాయి. పేర్లు వ్రాసుకొని, రోజుకొకరు వంతున ఆయన ఇంటికి వెళ్ళి, అన్నం పెట్టి, కలిసి తిని, ఒక కీర్తన చదివి రావడం మొదలుపెట్టారు. ఆయన మరో రెండేళ్ళు బ్రతికాడు. ఆయన పోయిన తరువాత కూడా ఆ పేర్ల కాగితం మందిరం గోడ మీద ఉంది. ఇప్పుడు అందులో వేరే ఇళ్ళ పేర్లు ఉన్నాయి.

లూకా 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు శుద్ధులయ్యారు. ఒక్కడే తిరిగి వచ్చాడు. తక్కిన తొమ్మిదిమంది ఏరని ప్రభువు అడిగాడు. సమాజమందిరంలో తొమ్మిదిమంది వచ్చి కూర్చొని, పదవవాడు ఎక్కడ అని తలుపు వైపు చూస్తుంటారు. ఈ ఉదయం మీ సంఘంలో ఎవరో దుఃఖంలో నిలబడి ఆమేన్ కోసం ఎదురు చూస్తున్నారు. మీరే ఆ పదవవాడు కావచ్చు. ఈ రేడియో కార్యక్రమం మందిరానికి బదులు కాదు. మంచం దిగలేనివారి కోసం ఇది. నడవగలిగినవారు రేడియో కట్టేసి, చెప్పులు వేసుకొని బయలుదేరండి. మీ ప్రభువుకు ఆ వాడుక ఉంది. మీకు ఉందా?

ప్రార్థించుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, నీ వాక్యాన్ని మా చేతులకు అందించిన ప్రజల కొరకు నీకు స్తోత్రములు. వారిని తృణీకరించిన మా పితరుల పాపాన్ని, మా పాపాన్ని క్షమించు. మా మందిరాలను ప్రార్థించే గృహాలుగా, నేర్చుకొనే గృహాలుగా, ఒకరినొకరు మోసే గృహాలుగా చేయుము. మా మధ్య గుమ్మాలలో ఒంటరిగా కూర్చున్నవారిని మాకు చూపించు. వెళ్ళడానికి కాళ్ళనివ్వు. యేసుక్రీస్తు నామములో అడిగి వేడుకుంటున్నాము తండ్రీ. ఆమేన్.

ప్రభువు చిత్తమైతే వచ్చే వారం మరల ఇదే సమయానికి కలుసుకుందాం. అంతవరకు దేవుని సమాధానము మీకు తోడైయుండును గాక.